దేవుని పేరు అరువివ్వని అయ్యగారు

మొన్న సెప్టెంబరులో ప్రత్తిపాడు దాటాక ఒక పత్తి చేలోకి దిగి, మొక్క నడిమి భాగంలోని ఆకునొకదాన్ని తిరగేశాను. కంటికంటే ముందు వేలికొనలకే సంగతి తెలిసింది. ఆకు జిగురుగా ఉంది. తెల్లదోమ ఆకు అడుగున చేరి రసం పీలుస్తుంది. తన ఒంటికి పట్టని తీపిని కింది ఆకుల మీద వదిలేస్తుంది. కొద్ది రోజులకు ఆ తీపి మీద మసిలాంటి బూజు పెరుగుతుంది. వేళ్ళు ఒకదానికొకటి అంటుకుని విడివడేటప్పుడు తెలిసే ఆ సన్నని పట్టు నాకు బాగా పాత పరిచయం. చేను గల రైతు గట్టు మీద నిలబడి ఉన్నాడు. నేనేం చెబుతానో అతనికి అక్కరలేదు. తాను వినదలచుకున్నది నేనెప్పుడు అంటానా అని చూస్తున్నాడు. "ఎక్కువ కాదని ఒక్క మాటనండి మేడమ్, చాలు" అన్నాడు. అంతలో రోడ్డు మీద ఒక ఆటో మైకులో అరుచుకుంటూ పోయింది: పంటలను పట్టిన పీడలన్నీ తొలగిపోయే ఆశీర్వాద కూటములు, ప్రవక్తగారు స్వయంగా ప్రార్థిస్తారు, చేలోని మట్టి మూట కట్టుకుని తెచ్చుకోవచ్చు. నాకు పట్టరాని విసుగు వచ్చింది. ఆ విసుగంతా రైతు మీదా, మైకు మీదా కాదు. అందులో పెద్ద వాటా దేవసహాయం అయ్యగారిది. ఆయన కన్నుమూసి చాలా ఏళ్ళయింది. ఆయనతో నా తగవు మాత్రం ఇంకా తెగలేదు.

దేవసహాయం గారు మా ఊరి చర్చి సంఘానికి కాపరి, అంటే పాస్టరు. గుంటూరు, ప్రకాశం జిల్లాల సరిహద్దులో, నల్లరేగడి మీద ఉంటుంది మా ఊరు. చర్చి చుట్టూ ఉన్న మా ఇళ్ళలో ఇద్దరు ముగ్గురు టీచర్లు తప్ప మిగిలినవాళ్ళంతా వ్యవసాయ కూలీలు. కాస్త తెగువ ఉన్నవాళ్ళు ఊళ్ళో రైతుల భూమిని కౌలుకు తీసుకుని పత్తి వేసేవారు. దేవసహాయం గారిని ఎవరూ పేరుతో పిలిచేవారు కాదు. అయ్యగారు అంటే ఆయనే. పొట్టి మనిషి, చిన్న గొంతు. ప్రసంగం చెప్పమని పక్క ఊరివాళ్ళు ఆయనను పిలిచినట్టు నాకు గుర్తు లేదు. కానీ ప్రవక్తల గ్రంథాలంటే ఆయనకు ప్రాణం. మిగతా సంఘాలు క్రిస్మస్ ముందు మాత్రమే తెరిచే పుటలను ఈయన ఏడాది పొడవునా తెరిచి ఉంచేవారు. సండే స్కూల్లో మాకు దావీదు, గొల్యాతుల కథ కంటే ముందు యెహెజ్కేలు ప్రవక్త తిట్టిన కాపరుల సంగతి చెప్పారు: మందను మేపరు, మందనే మేస్తారు, కొవ్విన గొర్రెను కోసుకుంటారు, కాలు విరిగినదానికి కట్టు కట్టరు, తప్పిపోయినదాన్ని వెదకరు. విన్న మా అక్క రత్నం ఊరుకోలేదు. "మరి మీరు కోడికూర తింటారుగా అయ్యగారూ" అంది. ఆయన కోప్పడలేదు. "పెడితే తింటానమ్మా. కోడి నాది కాదు, గొర్రెలూ నావి కావు. ఆ రెండూ గుర్తుంటే చాలు" అన్నారు.

ఆయన తెప్పించే విసుగు ఎలాంటిదో తెలియాలంటే వాగ్దానపు కార్డుల సంగతి చెప్పాలి. కొత్త సంవత్సరం మొదటి రోజు ఆరాధనలో, ఒక పళ్ళెంలో బోర్లించి పెట్టిన చిన్న కార్డుల్లోంచి ఇంటికొకటి తీసుకోవడం మావాళ్ళకు ఆచారం. దాని మీద ఉన్న వచనమే ఆ ఏడాదికి దేవుడు ఆ ఇంటికిచ్చిన మాట అని నమ్మి, గోడకు అంటించుకుంటారు. అందరూ కోరుకునే కార్డు ఒకటుండేది: యిర్మీయా ఇరవై తొమ్మిదో అధ్యాయంలోని పదకొండో వచనం, దేవుని తలంపులన్నీ మన మేలు కోసమేనని చెప్పేది. ఒక ఏడాది అది మా అక్క భర్త ఏసుపాదం బావకు వచ్చింది. బావ కార్డును పైకెత్తి నలుగురికీ చూపించాడు. అయ్యగారు పళ్ళేన్ని బల్ల మీద పెట్టి, పుస్తకం తెరిచి, దాని ముందు వచనం చదివారు. ఆ మేలు రావడానికి ముందు డెబ్బై ఏళ్ళు బబులోను చెరలో గడపాలని ఉంది అందులో. అక్కడితో ఆగక మరో రెండు వచనాలు వెనక్కు వెళ్ళి, మీ మధ్యనున్న ప్రవక్తల మాటకు మోసపోవద్దన్న హెచ్చరిక కూడా చదివారు. సంఘ పెద్ద సంసోను గారికి ఓపిక నశించింది. "పండగ పూట డెబ్బై ఏళ్ళ గోలెందుకండీ అయ్యగారూ? పిల్లోడికి మంచి మాటొచ్చింది, దీవించి పంపండి" అన్నారు. "ఇది యిర్మీయా రాసిన ఉత్తరమండీ. ఉత్తరమంతా మడిచిపెట్టి, అందులో ముద్దు ఒక్కటే నాకిమ్మంటే ఎట్టా?" అన్నారు అయ్యగారు. అందరూ నవ్వారు. బావ నవ్వలేదు. మర్నాడు కార్డు అక్కావాళ్ళ గోడకెక్కింది, పదకొండో వచనంతోనే.

ఎనభైల నడుమ నేను కీటకశాస్త్రంలో పై చదువు ముగించి ఒక పరిశోధన కేంద్రంలో చేరాను. వారం వారం చేలు తిరిగి, ఆకుల అడుగున పురుగులు లెక్కపెట్టి, ఏది పెరుగుతోందో ఏది తగ్గుతోందో చెప్పడం నా పని. ఆ ఏళ్ళలో పెరుగుతున్నది తెల్లదోమ. కారణం అంత కష్టమైనదేమీ కాదు. కాయలు తొలిచే శనగపచ్చ పురుగును చంపడానికి కొత్తగా వచ్చిన మందులను రైతులు అవసరానికి మించి, పైగా రెండు మూడు కలిపి కొట్టారు. ఆ మందులు శనగపచ్చ పురుగుతోపాటు తెల్లదోమను తినే అల్లిక రెక్కల పురుగులనూ, దాని పిల్లల్లో గుడ్లు పెట్టే నలుసంత కందిరీగలనూ చంపేశాయి. తెల్లదోమ ఆకు అడుగున ఉంటుంది కనుక పైనుంచి కొట్టిన మందు దానికి సరిగా తగలదు. తగిలినా చావని స్థితికి అది అప్పటికే చేరుతోంది. శత్రువు లేడు, మందుకు లొంగదు, చుట్టూ ఎటు చూసినా పత్తి తప్ప మరో పంట లేదు. ఒక జీవి విపరీతంగా పెరగడానికి ఇంతకంటే ఏం కావాలి? ముందటి ఏడాదే అక్కడక్కడ చేలు నల్లబడ్డాయి. ఈ ఏడాది సగం భూమిలోనైనా కందో జొన్నో వెయ్యమని సెలవు దొరికినప్పుడల్లా ఊరికి వచ్చి చెప్పేదాన్ని. బావ అప్పుడే మరికొంత భూమి కౌలుకు మాట్లాడుకున్నాడు. "మా మరదలు పురుగులతో మాట్లాడుద్దిరా. మనుషులతో మాట్లాడ్డమే ఇంకా నేర్చుకోలా" అని స్నేహితులతో అనేవాడు. అక్క నవ్వేది కాదు. ఇద్దరు పిల్లలు, ఇల్లు మొత్తం ఆ కౌలు చేను మీదే ఆధారపడి ఉందని ఆమెకు తెలుసు. బావ మనసు మార్చగలిగినవారు ఎవరైనా ఉంటే అయ్యగారే అని, ఆయనను అడగమని నన్ను పంపింది.

వెళ్ళాను. అయ్యగారు అరుగు మీద కూర్చుని గొడుగు చువ్వకు దారం చుడుతున్నారు. నేను లెక్కలన్నీ వివరించాను. ఆయన ఓపికగా విన్నారు. ఆదివారం ప్రసంగపు బల్ల మీద నుంచి ఒక్క మాట చెప్పమన్నాను: ఈ ఏడాది పత్తి వేస్తే పోతుందని దేవుడు హెచ్చరిస్తున్నాడు అని.

"పోతుందని తెలుసా నీకు, పోవచ్చని తెలుసా?" అని అడిగారు.

పోవడానికే ఎక్కువ అవకాశం ఉందన్నాను.

"అయితే ఆ మాటే చెప్పు. మంచి మాట అది. ఆదివారం ఆరాధన అయ్యాక నువ్వే చెబుదువుగాని, నీ పక్కన నేను నిలబడతా. దేవుడు చెప్పాడని మాత్రం అననమ్మాయ్."

మాట నిజమైనప్పుడు ఎవరి పేరున చెబితే ఏమిటని వాదించాను. జనం మునిగిపోతుంటే మీకు పేరు పట్టింపా అని కూడా అన్నాను. ఆయన గొడుగు పక్కన పెట్టారు.

"తాను పంపకుండానే పరుగెత్తారని యిర్మీయా కాలపు ప్రవక్తలను దేవుడు తిట్టాడు కరుణా. వాళ్ళు చెప్పింది తప్పా ఒప్పా అన్నది తర్వాత. పంపారా లేదా అన్నది ముందు. నన్ను ఈ మాటతో పంపలా. నీ లెక్క నీ పేరున చెప్పు, నాకు తోచింది నా పేరున నేను చెబుతా. ఆయన పేరు మాత్రం మనిద్దరం అరువు తెచ్చుకోవద్దు. ఇవాళ నీ మంచి లెక్కకు నేనా పేరు వాడితే, రేపు ఇంకొకడొచ్చి చెడ్డ లెక్కకు వాడినప్పుడు ఏ మొహం పెట్టుకుని వద్దంటాను?"

సమాధానంలో తర్కదోషం ఏమీ లేదు. తర్కదోషం లేని సమాధానం ఒకటి మనిషికి అంత కోపం తెప్పించగలదని నాకు అదే మొదటిసారి తెలియడం. ఆదివారం ఆయన అన్నట్టుగానే నా పక్కన నిలబడ్డారు. జిగురు పట్టిన ఆకునొకదాన్ని పట్టుకుని నేను మాట్లాడాను. అందరూ మర్యాదగా విన్నారు. బయటికి వెళుతూ ఒకాయన మరొకాయనతో, అమ్మాయి కూడా పోవచ్చంటోందే గాని పోద్దని అనలేదుగా అంటున్నాడు. ఆయన కంఠంలో ఊరట స్పష్టంగా వినబడింది.

ఆ తర్వాత కొద్ది రోజులకు, విత్తనాలు కొనే ముందు, సంసోను గారు దూరం నుంచి ఒక ప్రవక్తను పిలిపించారు. బడి ఆవరణలో పందిరి వేశారు. ఆ సాయంత్రం నేను కూడా అక్కడే ఉన్నాను కనుక న్యాయంగానే చెబుతాను: ఆయన గొంతు అద్భుతంగా ఉంది. రెండు పాటలు పాడేసరికి పందిరిలో సగం మంది ఏడ్చారు. తర్వాత కళ్ళు మూసుకుని, తనకు దర్శనం వచ్చిందన్నారు. తెల్లని చేలు కనబడుతున్నాయట. ఈ ఏడాది తెల్లదోమ ఈ జనుల చేనిని ముట్టదట, పోయినదంతా రెండింతలుగా తిరిగి వస్తుందట. ఎవరెవరు ఎంత నష్టపోయారో ఆయనకు ముందే ఎవరు చెప్పి ఉంటారన్నది నాకు తెలియదు. ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచి మరీ చెప్పారు. ఏసుపాదం అని పిలిచినప్పుడు బావ లేచి నిలబడి రెండు చేతులూ ఎత్తాడు. అక్క నా చెయ్యి పట్టుకుంది. చివరలో మైకు అయ్యగారి చేతికి ఇచ్చారు. ఇప్పుడైనా నోరు విప్పుతారని నేను ఎదురుచూశాను.

"ఆమేన్" అన్నారాయన. "ప్రభువు అలాగే చెయ్యాలి. మీ చేలు తెల్లగా విరగకాయాలి. ఈ మాట నెరవేరితే అందరికంటే ఎక్కువ సంతోషించేవాణ్ణి నేనే." మైకు కింద పెట్టి, మెట్లు దిగి, చెప్పులు వెతుక్కుని ఇంటికి బయలుదేరారు. పందిరంతా చప్పట్లు కొట్టింది.

నేను పరుగున వెళ్ళి దారిలో ఆయనను పట్టుకున్నాను. నోటికొచ్చిందల్లా అన్నాను. ఆయన నడక ఆపకుండానే, హనన్యా ప్రవక్త యిర్మీయా మెడ మీది కాడిని విరగ్గొట్టిన సంగతి గుర్తుందా అని అడిగారు. గుర్తుంది, సండే స్కూల్లో ఆయనే చెప్పారు. బబులోనుకు తలవంచక తప్పదనడానికి గుర్తుగా యిర్మీయా మెడకు కాడి వేసుకుని తిరిగాడు. రెండేళ్ళలో బబులోను కాడి విరిగిపోతుంది, పోయినదంతా తిరిగి వస్తుంది అని దేవాలయంలో అందరి ఎదుటా హనన్యా ప్రకటించాడు.

"అప్పుడు యిర్మీయా ఏమన్నాడు?"

"ఆమేన్ అన్నాడు."

"అని?"

"ఇంటికెళ్ళిపోయాడు. నాకు చిన్నప్పటినుంచీ ఆ ముక్క దగ్గర ఒళ్ళు మండేది అయ్యగారూ."

"నాకు ఇప్పటికీ మండుద్ది" అన్నారు. "కానీ జనం బాగుపడాలని కోరుకోనివాడు ప్రవక్తెట్టా అవుతాడు? నేను చెప్పిందే నిజం కావాలి, చేలన్నీ పోవాలి అని కోరుకునే కాపరి ఉంటే, వాడికంటే ఆ పందిట్లో ఆయనే నయం. ఆయన చెప్పింది దేవుని మాట కాదని నాకు గట్టిగానే అనిపిస్తోంది. అనిపించిందని ఆయన్ని ఆ పందిట్లో అందరి ముందూ అబద్ధికుడనలేను. కాస్త ఆలోచించుకోనీ." మీరు ఆలోచించుకునేలోపు విత్తనాలు కొనేస్తారని అన్నాను. ఆయన నడక ఆపలేదు. ఆ జాప్యం మీద నాకున్న ఆక్షేపణను ఇన్నేళ్ళుగా ఎన్ని విధాల పరిశీలించినా వెనక్కు తీసుకోలేకపోయాను. ఆలస్యం కూడా ఒక నిర్ణయమే. దాని ఫలితం కూడా లెక్కలోకి వస్తుంది.

యిర్మీయా తర్వాత తిరిగి వచ్చి, హనన్యా చెప్పింది అబద్ధమన్నాడు. ఈయన కూడా వచ్చారు. ఆ వారంలోనే ఇంటింటికీ వెళ్ళి, ఆ ప్రవక్త మాటను తాను నమ్మడం లేదని, సగం భూమిలోనైనా తిండిగింజలు వెయ్యమని చెప్పడం మొదలుపెట్టారు. అక్కావాళ్ళింటికి వచ్చినప్పుడు నేను కూడా అక్కడే ఉన్నాను. కుర్చీ వేశాం, కూర్చోలేదు. బావ అంతా విని, నెమ్మదిగానే అన్నాడు.

"అందరి ముందూ ఆమేనన్నది మీరేనండీ. ఇప్పుడింటికొచ్చి కాదంటే నేను ఏ దేవసహాయం అయ్యగారిని నమ్మాల?"

"జరగాలని కోరుకుని అన్నాను ఏసుపాదం, జరుగుద్దని నమ్మి కాదు. ఆ ముక్క మైకులోనే చెప్పాల్సింది. చెప్పకపోవడం నా తప్పు."

"సరేనండీ. ఆయన చెప్పింది అబద్ధమని దేవుడు మీకు చెప్పాడా?"

అక్క తలుపు పట్టుకుని నిలబడి అయ్యగారి మొహం వంకే చూస్తోంది. అవునని ఒక్క మాట అంటే చాలు, బావ ఆగిపోతాడు. ఆ సంగతి గదిలో ఉన్న నలుగురికీ తెలుసు. అనండి అని నేను మనసులో అరిచాను.

"లేదు బాబూ" అన్నారాయన. "నాకే దర్శనం రాలా. కష్టం లేదు, అంతా మేలేనని చెప్పే ప్రవక్తను ఆ మాట నెరవేరేదాకా నమ్మొద్దని పాత ప్రవక్తలు చెప్పారు. అది చెబుతున్నా. నా బుద్ధికి తోచింది కూడా చెబుతున్నా: సగంలో కంది, జొన్న వెయ్యి. పిల్లలకు ముద్దన్నా మిగులుద్ది."

బావ నవ్వాడు. "ఆయనకేమో దర్శనమొచ్చింది. మీకు రాలేదంటున్నారు. మా మరదలికి 'పోవచ్చు' అని వచ్చింది. మీ ముగ్గుర్లో గట్టిగా చెప్పినాయన ఒక్కడే ఉన్నాడు అయ్యగారూ" అన్నాడు. కౌలు చేనంతా పత్తే వేశాడు.

అక్టోబరు నెలాఖరుకు మా ఊరి చేలకు దీపం మసి పూసినట్టయింది. మొక్కను కాలితో తాకితే బూడిద లేచినట్టు దోమ లేచేది. నోట్లోకి, కళ్ళలోకి వెళ్ళేది. ఆకు ముడుచుకుని రాలింది. విచ్చిన కాస్త పత్తి కూడా జిగురు పట్టి నల్లబడింది. బావ మిగిలినవాళ్ళలాగే మందు మీద మందు కొట్టాడు. దానివల్ల ఏమవుతుందో ముందే చెప్పాను కనుక మళ్ళీ చెప్పను. సంసోను గారు ఆ ప్రవక్తకు కబురు పంపితే, ఆయన రాలేదుగాని సమాధానం వచ్చింది: దీవెన నిజమే, ఆ ఊరి కాపరి అవిశ్వాసం దానికి అడ్డుపడింది. ఇంతకంటే కట్టుదిట్టమైన సిద్ధాంతాన్ని నేను ఏ శాస్త్రంలోనూ చూడలేదు. నెరవేరితే ప్రవక్త గొప్ప, నెరవేరకపోతే ఇంకొకరి తప్పు. దాన్ని తప్పని నిరూపించే మార్గమే లేదు. చర్చిలో పెద్దలంతా కూర్చుని ఈ మాట అయ్యగారి మొహాన్నే అన్నారు. ఆయన లేచి, "నా విశ్వాసం తక్కువే, అది ఒప్పుకుంటా. దోమ అందుకు వచ్చిందంటే ఒప్పుకోను" అని కూర్చున్నారు. అంతే. ప్రవక్తను నమ్మవద్దని ఇంటింటికీ తిరిగి చెప్పానని గాని, వినలేదెందుకని గాని ఒక్క మాట అనలేదు. ఆయన తరఫున నేను మాట్లాడబోతే కళ్ళతోనే వద్దన్నారు. ఆయనను బదిలీ చేయమని ఆ వారమే పైవాళ్ళకు ఫిర్యాదు వెళ్ళింది.

చేను పోయాక కౌలు నిలబెట్టుకునే దారిలేక మావాళ్ళు కొన్ని కుటుంబాలు చీమకుర్తి రాతి క్వారీల్లో పనికి వెళ్ళిపోయాయి. అక్క, బావ, పిల్లలు కూడా వెళ్ళారు. అయ్యగారు ఆదివారం ఉదయం ఊళ్ళో ఆరాధన ముగించి, ఒంగోలులో బస్సు మారి, మధ్యాహ్నానికి అక్కడికి చేరేవారు. ప్రతి వారం. సంసోను గారు దానికీ అడ్డుచెప్పారు: ఇక్కడి సంఘం పోషించే కాపరి అక్కడ తిరగడమేమిటి? అవి ఇక్కడి గొర్రెలే, మేత కోసం అటు పోయాయి అని అయ్యగారి జవాబు. పందిట్లో ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచిన ప్రవక్త చీమకుర్తికి ఎన్నిసార్లు వచ్చాడో అడగాలని నాకు నాలుక దురద పెట్టేది.

ఒక ఆదివారం నేను కూడా ఆయనతో వెళ్ళాను. క్వారీ పక్కన రేకుల పాకలు. నల్లరాయి దిమ్మెలు, వాటి అంచున వరసగా తొలిచిన బెజ్జాలు. లారీ వెళ్ళినప్పుడల్లా దుమ్ము లేచి వంటగిన్నెల మీద పడుతోంది. పదిహేను ఇరవై మంది మావాళ్ళు ఒక దిమ్మె నీడలో కూర్చున్నారు. బావ జుట్టు, కనుబొమలు రాతిపొడితో తెల్లబడి ఉన్నాయి. అరచేతులు పగిలాయి. నన్ను చూడగానే లేచి ఎదురొచ్చాడు. పలకరింపు లేదు. "అను మరదలా. దానికేగా ఇంత దూరం వచ్చావు. అనేసెయ్" అన్నాడు.

ఆ మాట నా దగ్గర సిద్ధంగా ఉంది. చెప్పానా అన్న ఒక్క ముక్క కాదు. వెనక కారణాలు, ముందు హెచ్చరికలు అన్నీ వరసగా అమర్చిన పూర్తి వాక్యం. నెలల తరబడి సానబెట్టాను దాన్ని. నోరు తెరిచాను. అప్పుడే అయ్యగారు, సంచి దించి రాతి మీద కూర్చుంటూ, "ఇక్కడ మంచినీళ్ళు ఎక్కణ్ణించి తెచ్చుకుంటున్నారు ఏసుపాదం?" అని అడిగారు.

బావ ఆయన వంక అర్థం కానట్టు చూసి, చెప్పాడు. ట్యాంకరు వస్తుంది, రోజూ రాదు, వచ్చినప్పుడు డ్రమ్ములు నింపుకోవాలి, ఆ నీళ్ళకే పిల్లకు కడుపునొప్పి వస్తోందని అక్క అనుమానం. అయ్యగారు డ్రమ్ము చూపించమన్నారు. మూత లేదు. ఇద్దరూ కలిసి ఒక రేకు ముక్క వెతికి, అంచులు వంచి మూత చేశారు. తర్వాత పిల్ల దగ్గు, తర్వాత కంట్లో పడే రాతిపొడి. ప్రార్థన వీటన్నిటి తర్వాత జరిగింది, చాలా చిన్నది, ఒక్కొక్కరి జబ్బునూ పేరు పెట్టి చెప్పి. అది ముగిశాక బావ తల ఎత్తకుండా అడిగాడు.

"ఆ రోజు మా ఇంట్లో మీరు అవునని ఒక్క మాటనుంటే నేను పత్తి వేసేవాణ్ణి కాదు గదండీ."

"వేసేవాడివి కాదు."

"ఆ సంగతి అప్పుడు తెలుసా మీకు?"

"తెలుసు."

"మరెందుకనలా?"

అయ్యగారు సంచి ఒళ్ళోకి తీసుకున్నారు. "ఆ తర్వాత నేనేం చెప్పినా చేసేవాడివిరా నువ్వు. నాకు దానికి భయమేసింది" అన్నారు. తర్వాత, "నీ చేను పోయింది గదా, ఇప్పుడా మాట సరిపోదని నాకూ తెలుసు" అన్నారు. బావ బస్సు దాకా ఆయన సంచి మోసుకొచ్చాడు. బస్సు కదిలేటప్పుడు, "వచ్చే వారం వస్తారుగా" అని అడిగాడు.

తిరుగు ప్రయాణంలో, నన్నెందుకు ఆపారని అయ్యగారిని నిలదీశాను. "నేనాపలేదే" అన్నారు. "నీళ్ళ సంగతి నిజంగానే తెలుసుకోవాలనుకున్నా." ఆయన అబద్ధం చెప్పే మనిషి కాదు. అందువల్ల నా విసుగు రెట్టింపయింది.

మరుసటి వేసవిలో ఆయనకు బదిలీ అయింది. వెళ్ళేదాకా చీమకుర్తి ప్రయాణం మానలేదు. అక్కావాళ్ళు కొన్నేళ్ళకు ఊరికి తిరిగి వచ్చారు. ఆ చేను మళ్ళీ కౌలుకు దొరకలేదు. ఆయన ఆ రోజు అవును అని ఉంటే వాళ్ళు ఊరు వదిలేవాళ్ళే కాదు. ఈ వాక్యాన్ని నేను ఎప్పుడూ మెత్తబరచలేదు, ఇప్పుడూ మెత్తబరచను. అయినా ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ నా పేరుతో వెళ్ళిన ప్రతి హెచ్చరికలోనూ 'రావచ్చు' అనే రాశాను. 'రాదు' అని రాయమని మందుల కంపెనీల వాళ్ళు, 'తప్పక వస్తుంది' అని రాయమని పై అధికారులు ఎన్నిసార్లు అడిగినా తెలిసినంతకు మించి ఒక్క అక్షరం రాయలేదు. అందుకు నన్ను మొండిదన్నవారున్నారు, పిరికిదన్నవారున్నారు. ఆ రెండు మాటలూ ఆయనను నేను అన్నవే.

అది సులువైన భాగం. కష్టమైనది దాని తర్వాత వస్తుంది. వద్దన్నా వినకుండా పోగొట్టుకున్న చేలకు, ఉద్యోగం అయిపోయాక కూడా, నేను మళ్ళీ వెళతాను. వెళ్ళమని ఎవరూ అడగరు. రైతు నన్ను చూడగానే తల దించుకుంటాడు, అనబోయే మాట కోసం భుజాలు బిగించుకుంటాడు. ఆ మాట నా నాలుక మీదికి వస్తుంది, చీమకుర్తిలో మింగినదే, ఒక్క అక్షరం అరగకుండా. అప్పుడు పిల్లలేం చదువుతున్నారనో, గేదె ఈనిందా అనో అడుగుతాను. మొదట్లో మాట మార్చడానికే అడిగేదాన్ని. ఇప్పుడు జవాబు వినడానికి గట్టు మీద కూర్చుంటున్నాను.